ముగ్గురు అక్కచెల్లెళ్ళు, మూడు జాబితాలు

ఈ ప్రత్యేక సంచికకు మన చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగారు. నేను చరిత్ర పరిశోధకురాలిని కాను. బి.ఇడి. చదివి, కొన్నాళ్ళు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పి, తర్వాత గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా చేరాను. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఈ మూడు చోట్లా పనిచేశాను. పిల్లలకు వేళకు అన్నం పెట్టించడం, చదివించడం, వాళ్ళ సర్టిఫికెట్లు సరిచూడటం నా ఉద్యోగం. అందులో ఆ మూడో పని చేసేటప్పుడల్లా నాకు మా నానమ్మ గుర్తుకొస్తుంది. అందుకే రాజుల చరిత్ర కాకుండా మా నానమ్మ, వాళ్ళ అక్క, వాళ్ళ చెల్లెలు, ఈ ముగ్గురి చరిత్ర రాస్తున్నాను. ఇది మా ఒక్క ఇంటి కథ కాదని చదివాక మీకే తెలుస్తుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. మనల్ని ఇక్కడ సుగాలీలంటారు, తెలంగాణలో లంబాడీలంటారు, కర్ణాటకలో లంబాణీలంటారు, ఉత్తరాదిన బంజారాలంటారు. మనం మాత్రం మనల్ని గోర్ అనుకుంటాం. మన మాట గోర్ బోలి. రైళ్ళు రాకముందు ఈ దేశంలో ఉప్పు, ధాన్యం ఊరి నుంచి ఊరికి వెళ్ళాలంటే మన పెద్దల ఎద్దులే దిక్కు. గోనెసంచులు వేసిన ఎద్దుల మందలను తోలుకుంటూ పిల్లాజెల్లాతో నడిచిపోయే ఆ వ్యాపారాన్ని లదేణి అంటారు. 17వ శతాబ్దంలో దక్కనుకు దిగిన మొగలు సైన్యాలకు, 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్ళిన కంపెనీ సైన్యానికి కూడా తిండిగింజలు మోసింది ఈ ఎద్దులే. రెండు సైన్యాలు కొట్టుకుంటున్నా మధ్యలోంచి మనవాళ్ళు నడిచిపోయేవారు. వాళ్ళకు సరిహద్దు అంటే ఎద్దులు నీళ్ళు తాగే ఏరు, అంతే.

ఆ ఏరే తర్వాత నిజమైన సరిహద్దు అయింది. 1800లో నిజాం సైన్యం ఖర్చుల కింద కడప, బళ్ళారి ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలం అన్న పేరు అప్పుడే వచ్చింది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకునే దాకా మన ప్రాంతాన్ని అలాగే పిలిచేవారు. తుంగభద్రకు ఇవతల కంపెనీ, అవతల నిజాం. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు వ్యాపారాన్ని తన గుత్తాధిపత్యం కిందికి తీసుకుంది. 1871 నాటికి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలుమార్గం పూర్తయింది. ఎద్దు మోసేదంతా రైలు మోసుకుపోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి, మేపుకునే అడవికి కూడా కంచె పడింది. నడిచే తాండాలు ఆగిపోయాయి. ఎక్కడ ఆగిపోయామో అదే మన ఊరైంది. ఒకే గోత్రం వాళ్ళు కొందరు ఏటికి ఇవతల, కొందరు అవతల ఆగిపోయారు.

మా నానమ్మ పుట్టింది గుత్తి వైపు ఒక తాండాలో. ముగ్గురు ఆడపిల్లలు. లదేణి పోయినా ఆ తోవల్లో చుట్టరికాలు మిగిలే ఉన్నాయి కాబట్టి సంబంధాలు దూరం నుంచే వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపే ముగ్గురి పెళ్ళిళ్ళూ అయిపోయాయి. పెద్దామెను మహబూబ్‌నగర్ వైపు ఇచ్చారు, అది నిజాం రాజ్యం. నడిపామె మా నానమ్మను పులివెందుల వైపు ఇచ్చారు, అది బ్రిటిష్ వాళ్ళ మద్రాసు రాష్ట్రం. చిన్నామెను సండూరు వైపు ఇచ్చారు, అది ఘోర్పడే రాజుల చిన్న సంస్థానం. పుట్టింటికి పండక్కి వస్తే ముగ్గురూ మూడు ప్రభుత్వాల కింద నుంచి వచ్చినట్టు. పెద్దామె హారంలో నిజాం హాలీ సిక్కాలుండేవి. మా నానమ్మ హారంలో ఇంగ్లీషు రాజు బొమ్మ రూపాయలుండేవి. ఒకసారి పుట్టింట్లో కలిసినప్పుడు పెద్దామె తన హారంలోంచి ఒక సిక్కా తెంపి చెల్లెలికి ఇచ్చింది. దాన్ని నానమ్మ తన రూపాయల మధ్యలో గుచ్చుకుంది. మా చిన్నప్పుడు ఆ ఒక్క నాణెం వేరుగా ఎందుకుందని అడిగితే, "అది మా అక్క" అనేది.

తర్వాత పదేళ్ళలో ఆ ముగ్గురూ ఇల్లు కదలకుండానే ప్రభుత్వాలు మారిపోయాయి. 1948లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949లో సండూరు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. సండూరుతో సహా మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్ళాయి. చిన్నామె కన్నడ రాష్ట్రం మనిషి అయింది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో, అప్పటిదాకా వేరుగా ఉన్న పెద్దామె, మా నానమ్మ ఒకే రాష్ట్రంలోకి వచ్చారు. ఇక మనకు గీత లేదని నానమ్మ సంబరపడిందట.

కానీ గీత పోలేదు, కాగితంలోకి మారింది. ఈ సంగతి మీ పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1956 నాటి షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఒకటే అయినా, తెగలను ప్రాంతాల వారీగా రాశారు. సుగాలీలు, ఎరుకలవాళ్ళు, యానాదులు ఎస్టీలే, కానీ తెలంగాణ జిల్లాల్లో తప్ప. అంటే తుంగభద్రకు ఇవతల పుట్టిన లంబాడీ బిడ్డ ఎస్టీ, అవతల పుట్టిన లంబాడీ బిడ్డ కాదు. ఒకే భాష, ఒకే గోత్రాలు, ఒకే రాష్ట్రం. అయినా ఇవతలి వాళ్ళకు ఉన్న హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషన్ అవతలి వాళ్ళకు లేవు. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే నడిచింది.

మా ఇంటి కథ ఇక్కడే మలుపు తిరిగింది.

1961లో అనుకుంటాను, పెద్దామె తన కొడుకును వెంటబెట్టుకుని మా తాండాకు వచ్చింది. పిల్లవాడికి పదకొండేళ్ళు. వరసకు నాకు పెద్దనాన్న అవుతాడు. చురుకైనవాడట. పలక మీద లెక్కలు గబగబా చేసేవాడని మా నాన్న చెప్పేవాడు. పెద్దామె మా తాతను అడిగింది ఒక్కటే మాట: "వీణ్ణి నీ కొడుకని బడి రిజిస్టర్లో రాయించు. మీ వైపు వాడైతే హాస్టల్లో ఉంచుకుంటారు, చదువుకుంటాడు."

మా తాత తాండాకు నాయక్. ఆ రాత్రంతా నిద్రపోలేదట. తెల్లారి, "నా కొడుకని అబద్ధం రాయిస్తే ఏదో ఒకరోజు బయటపడుతుంది. అప్పుడు మా తాండా కాయితాలన్నీ అబద్ధమే అంటారు. నీ ఒక్క బిడ్డ కోసం ఇంతమంది బిడ్డల్ని గోతిలో వేయలేను వదినా" అన్నాడు. పెద్దామె మరిదిని ఏమీ అనలేదు. చెల్లెలి వైపు చూసింది. నానమ్మ తలొంచుకుని రొట్టెలు కాలుస్తూనే ఉంది, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పెద్దామె కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళు మళ్ళీ కలుసుకోలేదు.

తాత చేసింది తప్పా, ఒప్పా? నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు తప్పనుకునేదాన్ని. వార్డెన్ అయ్యాక, సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టే చెయ్యి నాదైనాక, ఆయన భయం నాకు అర్థమైంది. అయితే నానమ్మను జీవితాంతం బాధపెట్టింది తాత నిర్ణయం కాదు, తన మౌనం. "కాదనే హక్కు ఆయనకుంది. కానీ మా అక్కను రెండు దినాలు ఉండమని చెప్పే నోరు నాకు లేకపోయింది" అని ముసలితనంలో నాతో అంది.

ఆ పిల్లవాడు చదువుకోలేదు. పాలమూరు కూలీల గురించి మీరు వినే ఉంటారు. దేశంలో ఎక్కడ డ్యాములు, కాలువలు తవ్వినా మహబూబ్‌నగర్ కూలీలు కనిపించేవారు. మా పెద్దనాన్న కూడా మేస్త్రీల వెంట వాళ్ళలో ఒకడై తిరిగాడు. 1970ల్లో జమ్మలమడుగు దగ్గర మైలవరంలో పెన్న మీద డ్యామ్ కట్టేటప్పుడు ఆయన అక్కడే మట్టి మోశాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకసారి నానమ్మ కడియాలు తాకట్టు పెట్టడానికి ప్రొద్దుటూరు వెళ్ళింది. బంగారు అంగళ్ళ దగ్గర గోర్ బోలిలో మాట్లాడుకుంటున్న కూలి ఆడవాళ్ళు కనిపిస్తే, ఏ తాండా అని పలకరించింది. మాటల్లో తన అక్క ఊరు వచ్చింది. అక్క కొడుకు మైలవరం పనిలో ఉన్నాడని తెలిసింది. మూడో రోజు జొన్నరొట్టెలు మూట కట్టుకుని మైలవరం వెళ్ళింది. అప్పటికే ఆ మేస్త్రీ తన మనుషుల్ని ఇంకో పనికి తోలుకుపోయాడు. నానమ్మ రొట్టెల మూట విప్పకుండానే తిరిగి తెచ్చింది. అంత దగ్గరికొచ్చి మా గడప తొక్కని ఆయన మనసు ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

1976లో పార్లమెంటు షెడ్యూల్డ్ కులాల, తెగల జాబితాలను సవరించే చట్టం చేసింది. రాష్ట్రం లోపల ఉన్న ప్రాంతీయ తేడాలను చాలావరకు తీసేసింది. 1977 జూలై 27న అది అమల్లోకి వచ్చింది. తెలంగాణ లంబాడీలు, ఎరుకలవాళ్ళు ఎస్టీలయ్యారు. ఆ రోజుకు మా పెద్దనాన్న వయసు ఇరవై ఏడు. చట్టం ఆయన పిల్లలకు పనికొచ్చింది, ఆయనకు రాలేదు. తెలంగాణ తాండాల్లో ఆ వయసువాళ్ళు ఎంతమంది ఇలా మిగిలిపోయారో ఒకసారి ఆలోచించండి.

1998లో నానమ్మ చనిపోయింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఎవరు కబురు పెట్టారో తెలియదు, మూడో రోజు ఒక పెద్దమనిషి తెల్ల తలపాగాతో బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళమ్మ అంతకు నాలుగేళ్ళ ముందే పోయిందట. మా నాన్నను పట్టుకుని కాసేపు ఏడ్చాడు. పాత మాట ఒక్కటి కూడా ఎత్తలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "నన్ను చేర్పిద్దామనుకున్న బడి యాడుందో చూపిస్తావా బిడ్డా?" అని అడిగాడు. తీసుకెళ్ళాను. గేటు బయటే నిలబడి, బోర్డు మీద ఏం రాసుందో చదివి చెప్పమన్నాడు. చదివాను. తల ఊపి, "పోదాం పా" అన్నాడు. మరుసటి రోజు బయల్దేరేటప్పుడు మా నాన్న నానమ్మ హారంలోంచి ఆ హాలీ సిక్కా తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని చూసిన వెంటనే గుర్తుపట్టాడు.

ఇక చిన్నామె కథ. సండూరు ఇనుప, మాంగనీసు గనుల ప్రాంతం. అక్కడి లంబాణీ ఆడవాళ్ళు అద్దాలు, రంగుదారాలతో కుట్టే కుట్టుకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ-20 సమావేశాలు జరిగినప్పుడు సండూరు మహిళలు కుట్టిన 1755 వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ వార్త మా హాస్టల్ పిల్లలకు చదివి వినిపించాను. మన అవ్వల పాత గాగ్రాలను ఇంట్లో పాతబట్టల కింద వాడేస్తున్నారని ఒక పాప చెప్పింది. ఆ వారమే ఇంటి నుంచి ఒకటి తెచ్చి చూపించింది కూడా.

కర్ణాటకలో మనవాళ్ళు ఎస్సీలు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్టీలు. మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. 1871 నాటి నేరస్త తెగల చట్టం 1952లో రద్దయ్యాక మిగిలిన గుర్తు ఆ పేరు. రాజస్థాన్‌లో బీసీలు. మనిషి మారలేదు, రాష్ట్రాన్ని బట్టి పేరు మారింది. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదు. ఆంధ్రలో పుట్టి బొంబాయిలో పెరిగిన ఒక విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. తెగల వెనుకబాటును ఆ రాష్ట్ర పరిస్థితులను బట్టి నిర్ణయిస్తారు కాబట్టి, హక్కు కూడా ఆ రాష్ట్రంలోనే అన్నది దాని సారాంశం.

కొన్నేళ్ళ క్రితం జూన్‌లో, అడ్మిషన్ల రోజుల్లో, ఒకామె కూతుర్ని తీసుకుని మా హాస్టల్‌కు వచ్చింది. ప్రొద్దుటూరులో పనికి వచ్చిన కుటుంబం. పాప చేతిలో కర్ణాటక సర్టిఫికెట్. ఊరు చూస్తే సండూరు తాలూకా. పెద్దల పేర్లు అడుగుతూ పోతే మా నానమ్మ చెల్లెలి మునిమనవరాలని తేలింది. నాకు మేనకోడలు! తల్లి ముఖం వెలిగిపోయింది. "అయితే మీరే ఎట్లోకట్ల చేర్చుకోండి వదినా" అంది.

అప్పుడు నా కుర్చీలో నాకు మా తాత కనిపించాడు. నేను కూడా కాదనే చెప్పాను. ఎస్టీ సీటు ఆ కాగితం మీద ఇవ్వలేను, ఇంకో కాగితం పుట్టించలేను. అలా చేస్తే నష్టపోయేది ఇదే జిల్లాలో వరుసలో నిలబడిన ఇంకో సుగాలీ పాపో, ఎరుకల పాపో, యానాది పాపో.

కానీ మా నానమ్మ చేయలేకపోయిన పని చేశాను. "రెండు దినాలు ఉండి పోండి" అన్నాను. మా ఇంట్లోనే ఉన్నారు. ఆ పాపకు కర్ణాటకలో ఏయే హక్కులున్నాయో ఫోన్లు చేసి కనుక్కున్నాను. అవ్వ దగ్గర ఉండి సండూరులోనే హాస్టల్లో చేరింది. ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆదివారం ఫోన్ చేసి "అత్తా" అంటుంది. నేను గోర్ బోలి మాట్లాడితే, మధ్యలో కన్నడం కలిపి జవాబిస్తుంది. నా మాటల్లో తెలుగు ఎంత కలిసిందో ఆమె నవ్వినప్పుడు నాకు తెలుస్తుంది.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. మహబూబ్‌నగర్ మళ్ళీ వేరే రాష్ట్రమైంది. విచిత్రం చూడండి. ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడు ఇరవై ఏళ్ళు మా రెండు కుటుంబాలవి వేరు వేరు జాబితాలు. రెండు రాష్ట్రాలయ్యాక ఇద్దరమూ ఎస్టీలమే. సంత్ సేవాలాల్ మహారాజ్ కూడా ఈ గీతల్లో పడ్డారు. 1739 ఫిబ్రవరి 15న ఆయన గుత్తి దగ్గరి గొల్లలదొడ్డిలో పుట్టారని మనం చెప్పుకుంటాం. దావణగెరె జిల్లాలోని సూరగొండనకొప్ప అని కర్ణాటకలో చెప్పుకుంటారు. సమాధి మహారాష్ట్రలోని పోహ్రాదేవిలో ఉంది. ఎద్దుల వెంట ఈ నేలంతా నడిచిన వంశంలో పుట్టిన మనిషిని మనం ఒక్క ఊరికి కట్టేయాలని చూస్తున్నాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇప్పుడు మీకు చెప్పాలనుకున్నది చెబుతాను. సర్టిఫికెట్ చాలా అవసరం. దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి, దాని మీద వచ్చే ప్రతి హక్కునూ వాడుకోండి, అబద్ధపు కాగితం జోలికి పోకండి. కానీ ఆ కాగితం మీరు ప్రభుత్వానికి ఎవరో చెబుతుంది, ఒకరికొకరు ఏమవుతారో చెప్పదు. అది పెద్దల నోట్లోనే ఉంటుంది. ఇక్కడ భూక్యా అని రాసుకునేవాళ్ళు, అక్కడ రాథోడ్ అని రాసుకునేవాళ్ళు ఒకే గోత్రం. మన వంశావళిని పాడే ఢాడీలు తగ్గిపోయారు. అడగకపోతే, అన్నాచెల్లెళ్ళ వరసవాళ్ళు తెలియక సంబంధాలు కలుపుకునే రోజు వస్తుంది.

చెదిరిపోవడం పాత సంగతి కూడా కాదు. గండికోట రిజర్వాయర్‌లో 26.85 టీఎంసీల నీళ్ళు నిలపడానికి కొండాపురం వైపు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ముంపు ఊళ్ళ పిల్లలు నా దగ్గర చదివారు. మీ ఊరు గీయండి అంటే కొత్త కాలనీ గీయలేదు. నీళ్ళ కింద ఉన్న వీధి, చింతచెట్టు, బావి గీశారు. ఆ కాగితాలు దాచిపెట్టాను.

ఈ సెలవుల్లో మీరు ఒక పని చేయండి. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, ఫోన్‌లో రికార్డు పెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. మీ అక్కచెల్లెళ్ళను ఏ ఊళ్ళకు ఇచ్చారు? వాళ్ళను ఆఖరిసారి ఎప్పుడు చూశారు? ఎందుకు రాకపోకలు ఆగిపోయాయి? మన గోత్రం ఏది? మూడో ప్రశ్న దగ్గర వాళ్ళు ఆగిపోతే తొందరపెట్టకండి, అక్కడే కూర్చోండి. వాళ్ళు చెప్పిన ఊరి పేర్లు రాసుకుని, ఆ ఊళ్ళలో మనవాళ్ళెవరున్నారో వాకబు చేయండి.

నేను ఈ పని ఆలస్యంగా మొదలుపెట్టాను. మా నోటుబుక్కులో ముగ్గురు అక్కచెల్లెళ్ళ కొమ్మలూ ఇప్పుడు ఒకే పేజీలో ఉన్నాయి. మొన్న తీజ్ పండక్కి మహబూబ్‌నగర్ నుంచి పెద్దనాన్న మనవరాలు, సండూరు నుంచి మేనకోడలు మా తాండాకు వచ్చారు. మా పిల్లలతో కలిసి గోధుమ మొలకల బుట్టలకు నీళ్ళు పోశారు. తొమ్మిది రోజులూ ఉన్నారు.